గోడ వంగనంటోంది, గీత మాట వినట్లేదు: స్ప్లైన్ కర్వ్‌ల మీద మీ ప్రశ్నలు

రెవిట్, ఆర్కిక్యాడ్, రైనో లాంటి బిల్డింగ్ మోడలింగ్ సాఫ్ట్‌వేర్ల మీద ఏదైనా అడగండి అని పోయిన సంచికలో అన్నాం గానీ, వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒక్క స్ప్లైన్ మీదే, అంటే కొన్ని పాయింట్లు పెడితే సాఫ్ట్‌వేర్ నున్నగా గీసే వంపు గీత మీదే ఉంటాయని మాత్రం అనుకోలేదు. ఒకేలా ఉన్న ప్రశ్నలు కలిపేశా, పేర్లు తీసేశా, పొడుగ్గా ఉన్నవి కాస్త కత్తిరించా, ఏమనుకోకండి.

ప్రశ్న: సార్, రెవిట్‌లో ఫ్లోర్ స్కెచ్‌లో స్ప్లైన్ ఉంది, మోడల్ లైన్‌లో ఉంది, గోడ కమాండ్ తీస్తే మాత్రం లైన్లు ఆర్క్‌లు చూపిస్తోంది గానీ స్ప్లైన్ బటనే లేదు. నా ఇన్‌స్టాలేషన్‌లో తేడానా, ఏదైనా సెట్టింగ్ ఆన్ చెయ్యాలా? ఆఫీసులో అడిగితే నవ్వుతున్నారు.

జవాబు: నవ్వనివ్వండి, వాళ్ళూ ఏదో ఒక రోజు ఆ బటన్ కోసం వెతికినవాళ్ళే. ఇన్‌స్టాలేషన్ బానే ఉంది, గోడకి స్ప్లైన్ ఇవ్వలేదు అంతే. ఎందుకు ఇవ్వలేదో తెలిస్తే కోపం సగం తగ్గుతుంది.

గోడ అంటే ఒక గీత కాదు కదా, మధ్య గీతకి అటూ ఇటూ రెండు ముఖాలు ఉండాలి. మధ్య గీత 5000 మి.మీ. రేడియస్ ఉన్న ఆర్క్, అంటే సర్కిల్‌లో ఒక ముక్క అనుకోండి, గోడ మందం 200 అనుకోండి, బయటి ముఖం 5100, లోపలి ముఖం 4900, సెంటర్ అదే. ఆర్క్‌ని పక్కకి జరిపితే ఇంకో ఆర్కే వస్తుంది, లెక్క ఖచ్చితం. స్ప్లైన్‌కి ఈ సుఖం లేదు, దాని రేడియస్ అడుగడుగునా మారుతూ ఉంటుంది కాబట్టి పక్కకి జరిపితే వచ్చే గీత మామూలుగా అదే జాతి స్ప్లైన్ అవ్వదు, సాఫ్ట్‌వేర్ దగ్గరదగ్గరగా ఉండేది ఒకటి అంచనా వేసి గీయాల్సిందే. నమ్మకం కుదరకపోతే ఆటోక్యాడ్‌లో నాలుగైదు పాయింట్ల స్ప్లైన్ గీసి ఆఫ్‌సెట్ కొట్టి, కొత్తదాన్ని సెలెక్ట్ చేసి చూడండి, పాయింట్లు ఎన్ని పుట్టుకొచ్చాయో. పైగా ఎక్కడైనా మలుపు మరీ బిగుతుగా ఉండి అక్కడ రేడియస్ గోడ మందంలో సగం కన్నా తక్కువైతే లోపలి ముఖం తన మీద తనే ముడి పడిపోతుంది. ఇక ఆ గోడకి తలుపులు, కిటికీలు, లేయర్లు, ఇంకో గోడతో జాయింట్ కూడా కావాలంటే ఎంత తలనొప్పో ఊహించుకోండి.

దారులు ఉన్నాయి, రెండు. ఒకటి, స్ప్లైన్‌ని మోడల్ లైన్‌గా గీసి పెట్టుకుని దాని మీద ఒకదానికొకటి టాంజెంట్‌గా (కలిసేచోట మూల రాకుండా) ఉండే ఆర్క్‌లతో గోడ గీయడం, దీని గురించి కింద ఇంకో ఉత్తరానికి వివరంగా రాశా. రెండోది, మాస్ (బిల్డింగ్ ఆకారం చూపే ఉత్త ముద్ద) చేసి దాని ముఖాన్ని స్ప్లైన్‌తో లేపి, వాల్ బై ఫేస్‌తో ఆ ముఖం మీద గోడ అంటించడం. ఇందులో గోడ నిజంగానే స్ప్లైన్ లాగే వంగుతుంది, స్క్రీన్ మీద చూస్తే ముచ్చటేస్తుంది. కానీ మాస్ మార్చినప్పుడల్లా గోడ దానంతటది మారదు, సెలెక్ట్ చేసి అప్‌డేట్ టు ఫేస్ నొక్కాలి, నొక్కడం మర్చిపోతే ఫ్లోర్ ఒక చోట గోడ ఒక చోట. మొత్తం అంటించే ముందు చిన్న ముక్క మీద ఒక తలుపు, ఒక కిటికీ పెట్టి డైమెన్షన్ లాగి చూసుకోండి, తర్వాత ఏడవడం కన్నా నయం. కర్టెన్ వాల్ (గ్లాసు పలకల గోడ) లాంటిదైతే మాస్ దారి, మామూలు ఇటుక గోడో కాంక్రీట్ గోడో అయితే ఆర్క్‌ల దారి, నా ఓటు ఇంతే. ఇన్ ప్లేస్ ఫ్యామిలీగా (ఆ ఒక్క చోటి కోసమే విడిగా చేసే వస్తువుగా) గోడ చేసేవాళ్ళూ ఉన్నారు, ఒకటీ అరా అయితే సరే, బిల్డింగ్ అంతా అలా చేస్తే తర్వాత ఆ ఫైల్ ముట్టుకునేవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు.

ప్రశ్న: స్ప్లైన్‌లో ఒక పాయింట్ లాగితే నేను ముట్టుకోని చోట కూడా గీత కదులుతోంది. వేరే సాఫ్ట్‌వేర్‌లో మాత్రం అలా కదలట్లేదు. ఏది కరెక్టు?

జవాబు: రెండూ కరెక్టే, రెండూ వేరే రకం పాయింట్లు. ఫిట్ పాయింట్ అంటే గీత దాని గుండా వెళ్ళి తీరాలి, దండలో పువ్వుల గుండా దారం వెళ్ళినట్టు. కంట్రోల్ పాయింట్ అంటే గీత దాన్ని తాకక్కర్లేదు, అది దూరంగా నిలబడి గీతని తనవైపు లాగుతుంది. ఫిట్ పాయింట్లతో గీసినప్పుడు అన్ని పాయింట్ల గుండా నున్నగా వెళ్ళే గీత ఏదా అని సాఫ్ట్‌వేర్ మొత్తం కలిపి ఒకేసారి లెక్క కడుతుంది, అందుకే ఒకటి కదిపితే చివరిదాకా కొంచెం కొంచెం వణుకుతుంది, దూరం పోయేకొద్దీ తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. కంట్రోల్ పాయింట్లతో గీసిన డిగ్రీ 3 బీ స్ప్లైన్‌లో అయితే ఒక పాయింట్ లాగితే మహా అయితే నాలుగు ముక్కలు కదులుతాయి, మిగతాది రాయిలా ఉంటుంది.

ఆటోక్యాడ్‌లో స్ప్లైన్ కమాండ్ కొట్టగానే మెథడ్ అని అడుగుతుంది కదా, ఫిట్టా సీవీనా (అంటే కంట్రోల్ పాయింట్లా) అని, అదే ఇది. రైనోలో కర్వ్ కమాండ్ కంట్రోల్ పాయింట్లది, ఇంటర్‌పొలేట్ అని ఉన్నది ఫిట్ లాంటిది. ఆర్కిక్యాడ్‌లో న్యాచురల్, బెజియే, ఫ్రీహ్యాండ్ అని మూడు ఉంటాయి, వాటిలో న్యాచురల్ పాయింట్ల గుండా వెళ్ళేది.

సైట్‌లో ఆల్రెడీ ఉన్నవాటి గుండా, అంటే నాలుగు కాలమ్‌ల ముందు నుంచో సర్వే పాయింట్ల గుండానో గీత వెళ్ళాలంటే ఫిట్ వాడండి. ఆకారం మీరే కొత్తగా వెతుక్కుంటున్నారంటే కంట్రోల్ పాయింట్లు, అవి కూడా ఎన్ని తక్కువైతే అంత మంచిది. నేను కొత్తలో ఒక రిసెప్షన్ కౌంటర్‌కి నలభై దాకా పాయింట్లు పెట్టి గీశా, ఎక్కువ పాయింట్లంటే ఎక్కువ కంట్రోల్ అనుకుని. ప్రింట్ తీస్తే అంచు అంతా నీళ్ళలో నీడలా అలలు అలలుగా ఉంది, కార్పెంటర్ చేత్తో తడిమి ఇది కావాలని పెట్టారా అని అడిగాడు. తర్వాత అదే ఆకారం ఏడు పాయింట్లతో వచ్చింది. మీది కూడా అలా వణుకుతుంటే రైనోలో రీబిల్డ్ కొట్టి పాయింట్లు తగ్గించండి, అసలు గీతకి కొత్తదానికి ఎంత తేడా వచ్చిందో అక్కడే చూపిస్తుంది.

ప్రశ్న: నేను ఒక కాంపౌండ్ గోడ స్ప్లైన్‌తో గీసి డ్రాయింగ్ సైట్‌కి పంపా. సైట్ ఇంజినీర్ ఫోన్ చేసి రేడియస్ ఎక్కడ, సెంటర్ ఎక్కడ అంటున్నాడు. స్ప్లైన్‌కి రేడియస్ డైమెన్షన్ పెడదామంటే పడట్లేదు. ఇప్పుడేం చెయ్యాలి? గోడ పొడవు 40 మీటర్ల పైనే ఉంది.

జవాబు: పడదండీ, ఒక్క రేడియస్ ఉంటే కదా పడటానికి. ఇంజినీర్‌ది తప్పు కాదు, ఆయనకి మేకు ఎక్కడ కొట్టాలో, తాడు ఎంత పొడుగు పట్టుకోవాలో చెప్పాలి. స్ప్లైన్ అనేది ఆకారం వెతుక్కోడానికి మనకి, కట్టేవాడికి ఇంకో భాషలో చెప్పాలి, ఆ భాషలు రెండే: ఆర్క్‌లు, లేదా కోఆర్డినేట్లు.

కోఆర్డినేట్లది తేలిక దారి, ముందు అది చెప్పేస్తా. సైట్‌లో టోటల్ స్టేషన్ (పాయింట్లు ఖచ్చితంగా కొలిచే సర్వే పరికరం) ఉంటే గీత మీద మీటరుకో రెండు మీటర్లకో ఒక పాయింట్ పెట్టి, మలుపు బిగుతుగా ఉన్నచోట ఇంకా దగ్గరగా పెట్టి, ఎక్స్, వై టేబుల్ ఇచ్చేయండి. ఏ మూల నుంచి కొలవాలో, గోడ మధ్య గీతా బయటి ముఖమా అన్నది పెద్ద అక్షరాలతో రాయండి, ఇది రాయకుండా సగం గోడ మందం అటు జరిగిపోయిన కథలు బోలెడు.

టోటల్ స్టేషన్ రోజూ అందుబాటులో ఉండదు, షట్టరింగ్‌ వాళ్ళకి ప్లైవుడ్ కోయడానికి కూడా రేడియస్ ఉంటేనే సుఖం అంటే ఆర్క్‌లు చెయ్యాలి. ముందు గీత ఎక్కడ వంపు పక్క మారుతోందో పట్టుకోండి, అంటే కుడివైపు వంగుతున్నది ఎడమవైపు వంగడం మొదలుపెట్టే చోటు. రైనోలో కర్వేచర్ గ్రాఫ్ ఆన్ చేస్తే గీతకి దువ్వెన పళ్ళలా గీతలు వస్తాయి, ఆ పళ్ళు ఇటుపక్క నుంచి అటుపక్కకి దూకే చోటే అది. అక్కడ గీత తెంపాలి, ఎందుకంటే ఒకే ఆర్క్ రెండు పక్కలకీ వంగలేదు. ఇక ఒక్కో ముక్కకి పళ్ళు దాదాపు ఒకే ఎత్తులో ఉన్న మేర ఒక ఆర్క్, ఎత్తు బాగా మారితే ఇంకో ఆర్క్. 40 మీటర్ల గోడకి ఆరేడు ఆర్క్‌లతో పని అయిపోవాలి, ఇరవై అవుతున్నాయంటే అసలు స్ప్లైనే వణుకుతోందని అర్థం, వెనక్కి వెళ్ళి దాన్ని సరిచెయ్యండి.

ఆర్క్‌లు కలిసే చోట మూల రాకూడదు, టాంజెంట్‌గా ఉండాలి. దీనికి సైట్‌లో కూడా చెక్ చేసుకోగలిగే చిట్కా ఒకటుంది: మొదటి ఆర్క్ సెంటర్, రెండో ఆర్క్ సెంటర్, అవి కలిసే పాయింట్, మూడూ ఒకే సరళరేఖ మీద ఉండాలి. ఒకే పక్కకి వంగే ఆర్క్‌లైతే రెండు సెంటర్లూ ఒకే పక్కన, ఎదురెదురు వంపులైతే కలిసే పాయింట్ మధ్యలో. తాడు పట్టి చూస్తే చాలు, లెక్కలు అక్కర్లేదు. రెవిట్‌లో టాంజెంట్ ఎండ్ ఆర్క్ అని డ్రా టూల్ ఉంది, ముందున్న ఆర్క్ కొస నుంచి మొదలుపెడితే టాంజెంట్ అదే చూసుకుంటుంది. కాకపోతే రేడియస్ 4873.26 లాంటి వింత అంకెలు వస్తాయి, దాన్ని 4900 చేయండి, కొస కాస్త జరుగుతుంది, జరగనివ్వండి, ఆ తేడా అంతా చివర్లో ఉన్న తిన్నటి ముక్కలోనో ఆఖరి ఆర్క్‌లోనో సర్దేయండి. గుండ్రటి అంకెలు కావాలని పట్టుబట్టేది అందం కోసం కాదు, 4873.26 అని రాస్తే సైట్‌లో ఎవడూ అలా కొలవడు, ఎవడికి తోచినట్టు వాడు రౌండ్ చేస్తాడు, ఆ రౌండ్ చేసేదేదో మనమే చేస్తే నయం.

చేత్తో గీసే ఓపిక లేకపోతే రైనోలో కన్వర్ట్ కమాండ్‌లో అవుట్‌పుట్ ఆర్క్స్ అని పెట్టి టాలరెన్స్ (ఎంత తేడా ఒప్పుకోవచ్చో) ఇస్తే అదే ముక్కలు చేస్తుంది, రెవిట్‌తో నడిచే ప్రోగ్రామింగ్ టూల్ డైనమోలో కర్వ్ అప్రాక్సిమేట్ విత్ ఆర్క్ అండ్ లైన్ సెగ్మెంట్స్ అనే నోడ్ ఉంది, పేరు రైలంత పొడుగు గానీ పని చేస్తుంది. టాలరెన్స్ మరీ చిన్నది ఇస్తే చీమల బారులా ఆర్క్‌లు వస్తాయి జాగ్రత్త. ఆఖరికి ఆర్క్‌లని పాత స్ప్లైన్ మీద పరిచి ఎక్కడ ఎక్కువ దూరం పోయిందో కొలవండి. తోట పక్క గోడకి 20 మి.మీ. తేడా వస్తే మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. అదే గోడకి ముందే తయారై వచ్చే రాతి పలకలు అంటించాలంటే మాత్రం ఆ 20 పెద్ద విషయమే.

ఇదేదో రాజీ పడటం అనుకోకండి. సిడ్నీ ఓపెరా హౌస్ పెంకులు చూశారు కదా, మొదట్లో అవి స్వేచ్ఛగా గీసిన వంపులే, లెక్క కట్టడానికీ కట్టడానికీ లొంగలేదు. చివరికి ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జాన్ అన్ని పెంకుల్నీ సుమారు 75 మీటర్ల రేడియస్ ఉన్న ఒకే గోళం మీంచి కోసిన ముక్కల్లా మార్చేశాడు, వంపు అంతటా ఒకటే కాబట్టి కాంక్రీట్ రిబ్‌ల ముక్కలు అవే మౌల్డులు మళ్ళీ మళ్ళీ వాడి పోసుకోగలిగారు. 1973లో తెరిచారు. దాన్ని చూసి అయ్యో ఆర్క్‌లేనా అన్నవాణ్ణి నేనైతే చూడలేదు.

ప్రశ్న: రెవిట్‌లో ఒకే స్ప్లైన్‌తో చెరువు ఆకారం గీసి మొదటి పాయింట్ దగ్గరే ముగిస్తే మూసుకోవట్లేదు.

జవాబు: ఒక్క స్ప్లైన్‌తో లూప్ మూయనివ్వదు. రెండు స్ప్లైన్లు చేసి కొసలు కలపండి. కలిసిన చోట ముక్కులా పొడుచుకు రాకుండా, కొసకి ముందున్న పాయింట్, కొస, అవతలి స్ప్లైన్‌లో కొస తర్వాత పాయింట్, ఈ మూడూ ఒకే వరసలో పెట్టండి, నున్నగా కలుస్తుంది.

ప్రశ్న: ల్యాండ్‌స్కేప్ వాళ్ళు ఇచ్చిన ఆటోక్యాడ్ ఫైల్‌లో దారులన్నీ స్ప్లైన్లే. పాలీలైన్‌గా (చిన్న చిన్న ముక్కల గీతగా) మార్చి రెవిట్‌లోకి తెచ్చి పిక్ లైన్స్ కొడితే లైన్ టూ షార్ట్ అని ఎర్రర్ మీద ఎర్రర్, ఫైల్ కూడా పాకుతోంది. ప్రెసిషన్ 99 ఇచ్చా, క్వాలిటీ బావుంటుందని.

జవాబు: అదే కొంప ముంచింది. ఆటోక్యాడ్ పీఎడిట్ కమాండ్‌లో స్ప్లైన్‌ని పాలీలైన్ చేసేటప్పుడు ప్రెసిషన్ 0 నుంచి 99 దాకా అడుగుతుంది, మామూలుగా 10 ఉంటుంది. 99 అంటే క్వాలిటీ కాదు, గీతని కొత్తిమీర తరిగినట్టు తరగడం. రెవిట్‌కి సుమారు 0.8 మి.మీ. కన్నా చిన్న గీత అంటే గిట్టదు, బిగుతు మలుపుల్లో మీ ముక్కలు ఆ లెక్క కిందకి దిగిపోతున్నాయి. 10 దగ్గరే ఉంచి, లేదా ఇంకా తగ్గించి మార్చి, పాత స్ప్లైన్ మీద పెట్టి తేడా కొలవండి, నడిచే దారికి అది చాలు.

ఇంకో మాట, ఆ ఫైల్ సర్వే కోఆర్డినేట్లలో ఉండి ఆరిజిన్‌కి (సున్నా పాయింట్‌కి) బాగా దూరంగా ఉందేమో చూడండి, అలా ఉన్నా వంపులు గరుకుగా కనిపిస్తాయి, అప్పుడు తప్పు స్ప్లైన్‌ది కాదు. అసలు ఫైల్ అలాగే లింక్‌గా ఉంచుకుని దాని మీద మీరే పది ఆర్క్‌లు గీసుకుంటే గంటలో పని అయిపోతుంది, ఎర్రర్లతో రెండు రోజులు కుస్తీ పట్టే బదులు.

ప్రశ్న: ఆర్కిక్యాడ్‌లో మ్యాజిక్ వాండ్‌తో స్ప్లైన్ మీద గోడ వేస్తే ముప్పై ముక్కల గోడలు వచ్చాయి. తర్వాత ఆకారం మార్చమన్నారు. ముక్క ముక్కా లాగాలా?

జవాబు: లాగొద్దు, చెరిపేసి మళ్ళీ కొట్టండి. స్పేస్ బార్ నొక్కి క్లిక్ చేయడమే కదా, రెండు క్షణాల పని. అందుకే ఆ అసలు స్ప్లైన్‌ని ఎప్పుడూ చెరపకుండా వేరే లేయర్‌లో దాచి ఉంచమంటాను, గోడలు అద్దె ఇల్లు, స్ప్లైన్ సొంత ఇల్లు. మ్యాజిక్ వాండ్ సెట్టింగ్స్‌లో వంపుని ఎంత సన్నగా తరగాలో మనమే చెప్పొచ్చు, గీత నుంచి ఎంత దూరం పోవచ్చు అనైనా, ఎన్ని ముక్కలు అనైనా. ముందు అది సరిచూసుకోండి. తలుపులు కిటికీలు మాత్రం ఆకారం ఖరారయ్యాకే పెట్టండి, ముందే పెడితే గోడతో పాటు అవీ పోతాయి.

ప్రశ్న: స్ప్లైన్ వెంట గ్లాస్ ఫసాడ్ (బిల్డింగ్ ముందు గోడ) చేస్తున్నాం. గ్లాసులు ఫ్లాట్‌గానే ఉండాలి, అన్నీ ఒకే వెడల్పు ఉండాలని క్లయింట్ కోరిక. గీతని సమానంగా డివైడ్ చేశాం, అయినా గ్లాసుల వెడల్పులు తలో రకంగా వచ్చాయి. ఎక్కడ పొరపాటు? అసలు ఎంత వెడల్పు పెట్టుకుంటే వంపు వంపులా కనిపిస్తుంది?

జవాబు: మంచి ప్రశ్న, నాకు ఈ ఉత్తరాలన్నిట్లో ఇదే ఇష్టం. మీరు సమానంగా కోసింది గీత పొడవుని. గ్లాసు గీత వెంట వంగదు కదా, ఈ పాయింట్ నుంచి ఆ పాయింట్‌కి అడ్డదారిలో తిన్నగా వెళ్తుంది. గీత మీద 1200 నడిస్తే నేరుగా కొలిచే దూరం 1200 కన్నా కొంచెం తక్కువ ఉంటుంది, మలుపు బిగుతైనకొద్దీ ఇంకా తక్కువ. అందుకే తలో రకం. ఆటోక్యాడ్ డివైడ్, మెజర్ రెండూ గీత పొడవు వెంటే కొలుస్తాయి. రైనోలోని గ్రాస్‌హాపర్‌లో డివైడ్ లెంగ్త్ కాకుండా డివైడ్ డిస్టెన్స్ వాడండి, అది పాయింట్ నుంచి పాయింట్‌కి నేరుగా దూరం చూసుకుంటూ పోతుంది. అప్పుడు గ్లాసులన్నీ ఒకటే సైజు, చివర్లో ఒక అరకొర ముక్క మిగులుతుంది, దాన్ని తలుపు దగ్గరో మూల కాలమ్ దగ్గరో దాచేయండి. లేదా గీత పొడవునే కొంచెం సాగదీసి ముక్క మిగలకుండా చూసుకోండి, స్ప్లైన్ మీ చేతిలోదే కదా.

వెడల్పు సంగతికి వస్తే చిన్న లెక్క ఒకటి గుర్తుపెట్టుకోండి. గ్లాసు మధ్యలో అది అసలు వంపు నుంచి ఎంత లోపలికి పోతుందంటే, గ్లాసు వెడల్పుని దానితోనే గుణించి, రేడియస్‌కి ఎనిమిది రెట్లతో భాగిస్తే వచ్చేదే. రేడియస్ 5 మీటర్లు అనుకోండి. గ్లాసు 1200 అయితే మధ్యలో 36 మి.మీ. లోపలికి పోతుంది, 600 అయితే 9, 300 అయితే రెండుంపావు. చూశారా, వెడల్పు సగం చేస్తే తేడా పావు వంతు అయిపోతుంది. 36 అంటే ఎవరికైనా పలకలు పలకలుగా కనిపిస్తుంది, 9 అంటే కాస్త దూరం నుంచి వంపు లాగే ఉంటుంది.

కాబట్టి రేడియస్ ఎక్కడ అన్నిటికన్నా తక్కువో అక్కడ ఈ లెక్క కట్టి వెడల్పు ఖాయం చేసుకోండి, వంపు విశాలంగా తిరిగే చోట ఎలాగూ ఇబ్బంది ఉండదు. ఇంకోటి మర్చిపోకండి, పక్కపక్క గ్లాసుల మధ్య కోణం కూడా మారుతూ పోతుంది, ఫ్రేమ్ నిలువు కమ్మీ ఎంత కోణం దాకా సర్దుకోగలదో ఆ ఫ్రేమ్ చేసేవాళ్ళని ముందే అడగండి. 5 మీటర్ల రేడియస్‌లో 1200 గ్లాసులైతే కోణం 14 డిగ్రీల దగ్గర్లో, 600 అయితే 7 దగ్గర్లో వస్తుంది. క్లయింట్‌కి ఈ రెండు అంకెలూ చూపిస్తే వెడల్పు మీద వాదన అక్కడికక్కడే తేలిపోతుంది, నాకైతే తేలింది.

ప్రశ్న: మెటల్ రూఫ్ సెక్షన్ రెండు ఆర్క్‌లతో గీశా, టాంజెంట్‌గానే ఉన్నాయి, మూల ఎక్కడా లేదు. అయినా రెండర్‌లో ఆర్క్‌లు కలిసేచోట మెరుపు తెగినట్టు ఒక గీత కనిపిస్తోంది. ఇప్పుడు మీరు ఆర్క్‌లే వాడమంటారా?

జవాబు: దొరికిపోయాను. టాంజెంట్ అంటే దిశ ఒకటే అని, దాన్ని జీ1 అంటారు. వంపు కూడా ఒకటే అవ్వాలంటే జీ2 కావాలి. 20 మీటర్ల రేడియస్‌లో పోతున్నది ఉన్నట్టుండి 6 మీటర్లలోకి దూకితే చేత్తో తడిమితే తెలీదు గానీ మెరిసే వస్తువు మీద పడే ప్రతిబింబం పట్టిచ్చేస్తుంది, అద్దం అబద్ధం చెప్పదు కదా. కార్ల బాడీ గీసేవాళ్ళు అందుకే జీ2 కన్నా తక్కువకి ఒప్పుకోరు. మీ రూఫ్ అంత మెరిసేదైతే ఇక్కడ స్ప్లైనే సరైనది, రెవిట్‌లో రూఫ్ బై ఎక్స్‌ట్రూజన్ స్ప్లైన్ తీసుకుంటుంది. రైనోలో అయితే రెండు ఆర్క్‌ల మధ్య కొంత తెంపి బ్లెండ్ కర్వ్‌తో కలిపి, రెండు పక్కలా కంటిన్యుటీ కర్వేచర్ అని పెట్టండి, దువ్వెన పళ్ళు మెట్టులా కాకుండా వాలుగా దిగుతాయి. గరుకు పూత గోడకి ఈ గోలంతా అక్కర్లేదు, అక్కడ జీ1 చాలు.

ప్రశ్న: ఐఎఫ్‌సీ (వేరే సాఫ్ట్‌వేర్లు కూడా చదవగల మోడల్ ఫైల్) పంపిస్తే అవతలి వాళ్ళకి నా వంపు స్లాబ్ అంచు పలకలు పలకలుగా వెళ్ళిందట. నా దగ్గర నున్నగానే ఉంది, ఒట్టు.

జవాబు: నమ్ముతా, ఒట్టెందుకు. మీరు ఏ రకం ఐఎఫ్‌సీ పంపారో చూడండి. 2x3 అనే వెర్షన్ పాతది, దానిలో బెజియే కర్వ్ దాకా ఉంది గానీ నర్బ్స్ (చివరి ఉత్తరంలో చెప్పే స్ప్లైన్ రకం) గీతలకి, సర్ఫేస్‌లకి సరైన చోటు ఐఎఫ్‌సీ 4లోనే దొరికింది, అది 2013లో వచ్చింది. అలాగని 4 అనగానే అయిపోలేదు, అందులో రిఫరెన్స్ వ్యూ అనేది చూసుకోడానికి, క్లాష్ చెక్ (ఏవైనా ఒకదాన్లోకి ఒకటి దూరాయేమో) చేసుకోడానికి పెట్టింది, అది వంపుల్ని ఎక్కువగా త్రిభుజాలు చేసి పంపుతుంది. చూడటానికైతే అదే చాలు, ఎక్స్‌పోర్ట్‌లో టెసిలేషన్ లెవెల్ (త్రిభుజాలు ఎంత సన్నగా చేయాలో) కాస్త పెంచి పంపండి. వాళ్ళు ఆ అంచు మీద ఇంకా పని చేయాలంటే ఐఎఫ్‌సీతో పాటు ఆ ఒక్క గీతని ఆటోక్యాడ్ డీడబ్ల్యూజీ ఫైల్‌గా విడిగా పంపేయండి. మళ్ళీ అంటున్నానని విసుక్కోకండి, ఆర్క్‌లతో చేసిన అంచు అయితే ఇంత గొడవ ఉండేది కాదు.

స్కెచ్అప్ నుంచి వచ్చిన ఫైల్ అయితే ఎవర్నీ అనక్కర్లేదు, అక్కడ సర్కిల్ అంటేనే మామూలుగా 24 తిన్నటి గీతలు, ఆర్క్ అంటే 12, గీయక ముందే ఆ అంకె పెంచుకోవాలి.

ప్రశ్న: నేను స్టూడెంట్‌ని. స్ప్లైన్, బెజియే, బీ స్ప్లైన్, నర్బ్స్ అని నాలుగు పేర్లు వింటున్నా, అన్నీ ఒకటేనా? ఈ లెక్కలన్నీ నేర్చుకోకపోతే కుదరదా? అసలు స్ప్లైన్ అనే పేరేంటి సార్?

జవాబు: పేరు కర్రది నాయనా. పడవలు కట్టేవాళ్ళు, డ్రాఫ్టింగ్ బల్లల మీద గీసేవాళ్ళు సన్నటి వంగే కర్రబద్ద ఒకటి పెట్టుకునేవాళ్ళు, దాన్నే స్ప్లైన్ అనేవాళ్ళు. అది కావలసిన చోట్ల కదలకుండా సీసపు బరువులు పెట్టేవాళ్ళు, వాటి ఆకారం చూసి బాతులు అని పిలిచేవాళ్ళు. బద్ద తనకి తేలికైన వంపులో ఒదిగి కూర్చునేది, దాని పక్కన పెన్సిల్ పెట్టి లాగేయడమే. నువ్వు ఫిట్ పాయింట్ పెట్టిన ప్రతిసారీ ఒక బాతుని పెడుతున్నట్టే. లెక్కల్లోకి ఈ పేరు తెచ్చింది షోన్‌బెర్గ్ అనే గణితజ్ఞుడు, 1946లో.

తర్వాత కథ కార్ల కంపెనీల్లో నడిచింది. సిట్రోయెన్‌లో పాల్ డి కాస్టెల్జో 1959 ప్రాంతంలోనే కంట్రోల్ పాయింట్లతో వంపు గీసే పద్ధతి కట్టాడు, కంపెనీ బయటికి చెప్పనివ్వలేదు, రెనోలో పియెర్ బెజియే వేరేగా అదే దారిలో వెళ్ళి బయటికి చెప్పాడు, పేరు ఆయనకి దక్కింది. బెజియేలో ఏ పాయింట్ లాగినా గీత అంతా కదులుతుంది. ముక్కలు ముక్కలుగా కుట్టి ఒక చోట లాగితే అక్కడే కదిలేలా చేస్తే బీ స్ప్లైన్. ప్రతి కంట్రోల్ పాయింట్‌కీ ఒక బరువు కూడా ఇచ్చి, ముక్కలు కలిసే చోట్లు ఎడంగానో దగ్గరగానో పెట్టుకోనిస్తే నర్బ్స్.

ఆ బరువు ఎందుకంటే, మామూలు బెజియేతో పరిపూర్ణమైన సర్కిల్ ఎప్పటికీ రాదు. నాలుగు ముక్కల క్యూబిక్ బెజియేతో బాగా దగ్గరకి తెస్తే రేడియస్‌లో సుమారు 0.027 శాతం తప్పు ఉంటుంది, అంటే 10 మీటర్ల రేడియస్‌కి 2.7 మి.మీ. బొమ్మకి అది సున్నా కిందే లెక్క, స్టీల్ బోల్ట్ రంధ్రాలకి మాత్రం కాదు. బరువులున్న నర్బ్స్‌తో సర్కిల్ ఖచ్చితంగా వస్తుంది.

లెక్కలు మొత్తం నేర్చుకోవాలా అంటే, సమీకరణాలు అక్కర్లేదు. కానీ ఒక పని చెయ్యి: సన్నటి ప్లాస్టిక్ స్కేలు ఒకటి తీసుకుని టేబుల్ మీద నిలువుగా అంచు మీద నిలబెట్టి, ఐదారు బరువైన వస్తువులు అటూ ఇటూ పెట్టి వంచి చూడు. ఒక బరువు రెండు అంగుళాలు జరుపు, అవతలి కొస ఏం చేస్తోందో చూడు. రెండు బరువులు బాగా దగ్గరగా పెట్టు, మధ్యలో ఉబ్బు ఎలా వస్తుందో చూడు. అది చూశాక పైన రెండో ప్రశ్నకి నేను రాసిన జవాబు ఇంకోసారి చదువు.